వినడానికే కాదు, వినిపించడానికి కూడా



గృహోపయోగ వస్తువుల ఎంపికలో పాటించవలసిన మెలకువలను ఈ శీర్షికలో మనం ముచ్చటించుకొంటున్నాం. ఈ పర్యాయం ప్రస్తావించదలచినది చూడడానికి చిన్న వస్తువు, ధరలోనూ చిన్నదే. అయినప్పటికీ ఇంటిల్లిపాదీ దానికోసం పోటీపడుతున్నారు. పిల్లల పాఠాలు, పెద్దల ఆఫీసు సమావేశాలు, దూరాన ఉన్న కొడుకుతోనో కూతురితోనో వీడియో కాల్, సాయంత్రం పాటలు, అర్ధరాత్రి ఆటలు అన్నీ దాని మీదుగానే సాగుతున్నాయి. అదే హెడ్‌సెట్. రెండు వేల రూపాయలకు మించకుండా ఈ పనులన్నింటికీ పనికివచ్చే హెడ్‌సెట్‌ను ఎలా ఎంచుకోవాలన్నది ఈ వ్యాసం విషయం.

ఈ విషయాన్ని ఎత్తుకోవడానికి కారణం గత మాసంలో నేను చేసిన బిలాస్‌పూర్ ప్రయాణం. మా పెదనాన్నగారి కుటుంబం అక్కడి తార్‌బహార్‌లో స్థిరపడి చాలాకాలమైంది. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే కొలువులను వెతుక్కొంటూ శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుండి ఎందరో తెలుగువారు ఆ మార్గం పొడవునా వలస వెళ్లారు. 2003లో బిలాస్‌పూర్ ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధాన కేంద్రమయ్యేనాటికి అక్కడ మనవారిలో మూడు నాలుగు తరాలు గడచిపోయాయి. బంధువులందరూ ఒకచోట లేని ఇటువంటి కుటుంబాలకు వీడియో కాల్ విలాసం కాదు. పండుగనాడు పెద్దల ఆశీర్వాదం కూడా అందులోనే అందుతున్నది.

నేను వెళ్లేసరికి ఆ ఇల్లు కొంత చిన్నబోయి ఉంది. పెదనాన్నగారి మనుమడు డిప్లొమా పూర్తిచేసి ఒక సంస్థలో అప్రెంటిస్ స్థానానికి వీడియో ద్వారా ఇంటర్వ్యూకు హాజరయ్యాడు. చెవులలో కొత్త బ్లూటూత్ ఇయర్‌బడ్స్ పెట్టుకొన్నాడు. పాటలు వాటిలో బ్రహ్మాండంగా వినిపిస్తాయని ముందురోజే పరీక్షించుకొన్నాడు కూడా. తీరా ప్రశ్నలు మొదలయ్యాక అవతలివారు మూడు పర్యాయాలు “మాట స్పష్టంగా లేదు, మళ్లీ చెప్పండి” అన్నారట. మూడవసారికి కుర్రవానికి చెమటలు పట్టాయి. తెలిసిన సమాధానం కూడా తడబడింది. ఎంపిక కాలేదు. “నాకు వాళ్ల మాటలు చక్కగానే వినిపించాయి బాబాయీ, వాళ్లకే నా మాట వినబడలేదు” అని వాపోయాడు.

పెదనాన్నగారు బిలాస్‌పూర్ డివిజను కంట్రోలు ఆఫీసులో సెక్షను కంట్రోలరుగా పదవీ విరమణ చేసినవారు. సెక్షనులోని స్టేషన్లన్నీ ఒకే టెలిఫోను తీగపై కంట్రోలరుతో కలిసి ఉండేవి. తలకు హెడ్‌ఫోను తగిలించుకొని, ఎదుట పరచిన చార్టుపై బండ్ల రాకపోకలను గీతలుగా గీస్తూ, ఏ బండిని ఎక్కడ ఆపాలో ఏ బండిని ముందు వదలాలో చెబుతూ ఆయన సర్వీసు సాగింది. మనుమని మాట విని ఆయన ఒక్కటే అన్నారు: “ఏరా, మా కంట్రోల్లో చెప్పినవాడి చేత మళ్లీ చెప్పించుకొనేవాళ్లం. మనం విన్నామా అన్నది సగమే. వాడికి మన మాట చేరిందా అన్నది మిగతా సగం. ఆ సగాన్ని వీడు కొట్లో పరీక్షించుకోలేదు.”

హెడ్‌సెట్ కొనదలచిన ప్రతివారూ ముందుగా గుర్తుంచుకోవలసిన సూత్రం ఇదేనని నా అభిప్రాయం. కొట్లో మనం చెవులతో బేరమాడతాం. నోటి సంగతి మరచిపోతాం.

తీగ ఉండాలా, వద్దా?

తార్‌బహార్ అన్న పేరు చెవిన పడగానే హిందీ తెలిసినవారికి ‘తీగకు వెలుపల’ అన్న అర్థం స్ఫురిస్తుంది. తీగ అక్కరలేదన్నది నేటి యువతరం మాట కూడా. బ్లూటూత్ సౌకర్యాన్ని కాదనలేం. నడుస్తూ, వంట చేస్తూ పాటలు వినడానికి అంతకంటె మంచి సాధనం లేదు. అయితే ఒకే వస్తువు మూడు పనులు చేయాలని, అదీ తక్కువ ధరలో రావాలని కోరినప్పుడు రెండు చిక్కులు ఎదురవుతాయి.

మొదటిది మైకు సమస్య. మనం కేవలం పాట వింటున్నప్పుడు బ్లూటూత్ తన దారి మొత్తాన్నీ ఒకే దిశలో వాడుకొంటుంది. ధ్వని నిండుగా, ఎడమ కుడి వేరుగా వినిపిస్తుంది. మైకు తెరచుకోగానే రెండు దిశలలో మాటలు మోయవలసి రావడంతో చాలా పరికరాలు సంభాషణకు ఉద్దేశించిన మరో పద్ధతికి మారిపోతాయి. పాత తరహా పద్ధతిలో అయితే ధ్వని దాదాపు సాధారణ టెలిఫోను స్థాయికి, అనగా 300 నుండి 3,400 హెర్ట్జ్‌ల ఇరుకు పరిధికి దిగిపోతుంది. మెరుగైన పద్ధతిలో దానికి సుమారు రెట్టింపు దక్కుతుంది. మనిషి చెవి వినగల పరిధి 20 నుండి 20,000 హెర్ట్జ్‌లని గుర్తుచేసుకొంటే ఎంత కోత పడుతున్నదో అర్థమవుతుంది.

ఈ కోత ముందుగా తగిలేది స, శ, ష వంటి ఊష్మాలకు. వాటి బలంలో పెద్ద భాగం హెచ్చుస్థాయి ధ్వనులలోనే ఉంటుంది. అందువల్లనే ‘సరే’ అన్న మాట అవతలివారికి ‘ఫరే’ అన్నట్లు వినిపిస్తుంది. మనవాని ఇయర్‌బడ్స్ పాటలో పరీక్ష నెగ్గి మాటలో తప్పడానికి ఇదొక ముఖ్య కారణం. 2020లో ప్రకటించిన ఎల్‌ఈ ఆడియో అనే కొత్త పద్ధతిలో దీనికి పరిష్కారం ఉన్నది గాని, హెడ్‌సెట్, ఫోను లేదా కంప్యూటరు రెండూ దానిని అంగీకరించేవై ఉంటేనే ఆ ప్రయోజనం దక్కుతుంది.

రెండవది జాప్యం. సాధారణ బ్లూటూత్‌లో ధ్వని చెవికి చేరడానికి సుమారు 150 నుండి 250 మిల్లీసెకన్లు ఆలస్యమవుతుంది. రైలుమార్గంలో దూరాన గ్యాంగ్‌మన్ సుత్తి దెబ్బ వేయడం కంటికి ముందు కనిపించి, చప్పుడు తరువాత వినిపించడం మనలో పలువురు గమనించే ఉంటారు. గాలిలో ధ్వని వేగం సెకనుకు సుమారు 340 మీటర్లు. కనుక 200 మిల్లీసెకన్ల ఆలస్యమంటే ఆ సుత్తికి సుమారు 70 మీటర్ల దూరాన నిలబడి వినడంతో సమానం. సినిమా చూసేటప్పుడు ఫోను బొమ్మను కూడా అంతే ఆలస్యం చేసి సరిపెట్టగలదు. ఆటలో అది సాధ్యం కాదు. ప్రత్యర్థి అడుగుల చప్పుడు వినబడేలోపు ఆట ముగిసిపోతుంది. ఆటల కోసం ప్రత్యేకంగా వచ్చే 2.4 గిగాహెర్ట్జ్ చిన్న రిసీవరుతో కూడిన వైర్‌లెస్ హెడ్‌సెట్లలో ఈ జాప్యం బాగా తక్కువ. కాని వాటిలో మంచివి మనం అనుకొన్న ధర దాటిపోతాయి.

తీగ గల హెడ్‌సెట్‌కు ఈ రెండు చిక్కులూ లేవు. బ్యాటరీ లేదు గనుక ఛార్జింగు బెంగ లేదు, రెండు మూడేళ్లకు బ్యాటరీ క్షీణించి మూలపడే ప్రమాదమూ లేదు. అదే ధరకు వచ్చే వైర్‌లెస్ హెడ్‌సెట్‌లో కొంత సొమ్ము బ్యాటరీకి, రేడియో భాగాలకు పోతుంది. తీగ గల దానిలో ఆ సొమ్ము మైకుకు, స్పీకరుకు మిగులుతుంది. మూడు పనులకూ ఒకటే కావాలనుకొనేవారు, పరిమితమైన ధరలో, తీగ గలదానినే ఎంచుకోవడం శ్రేయస్కరం.

మైకు నోటికి దగ్గరగా ఉండాలి

మైకు నాణ్యత ఎంత ముఖ్యమో అది ఉండే చోటు అంత ముఖ్యం. ధ్వని మూలానికి మైకు దూరం సగానికి తగ్గితే మన గొంతు సుమారు 6 డెసిబెల్‌లు పెరిగి చేరుతుంది. గదిలోని ఫ్యాను చప్పుడు మాత్రం పెరగదు. చెవి దగ్గర ఉండే ఇయర్‌బడ్ మైకు కంటె, చిన్న కొమ్మ వలె బుగ్గ పక్కకు వంగి వచ్చే మైకు మాటను స్పష్టంగా అందించడానికి కారణం ఇదే. ఆ కొమ్మను పెదవులకు ఎదురుగా గాక, నోటి మూలకు రెండు వేళ్ల ఎడంలో ఉంచుకోవాలి. ఎదురుగా ఉంచితే ప, ఫ, భ పలికినప్పుడు ఊపిరి తగిలి బుస్సుమంటుంది.

పెట్టెపై ‘నాయిస్ క్యాన్సిలేషన్’ అని కనిపించగానే సంతోషపడరాదు. ఆ పేరుతో రెండు వేర్వేరు సదుపాయాలు అమ్ముడవుతున్నాయి. ఏఎన్‌సీ అన్నది మన చెవికి చేరే బయటి రొదను తగ్గించేది. రైలు పెట్టె చప్పుడు, ఫ్యాను హోరు వంటి ఎడతెగని మంద్రధ్వనులపై అది బాగా పనిచేస్తుంది. ఈఎన్‌సీ అన్నది అవతలివారికి మన వెనుక ఉన్న రొద చేరకుండా చూసేది. ఇంటర్వ్యూకు, ఆఫీసు సమావేశానికి ఉపకరించేది రెండవది. తక్కువ ధరలో ఈ రెండింటికోసమూ వెంపర్లాడడం కంటె, నోటి దగ్గరకు వచ్చే మైకు, చెవిని పూర్తిగా కప్పే మెత్తని దిండు చూసుకోవడం మేలు.

పెట్టె మీది అంకెలు

‘20 నుండి 20,000 హెర్ట్జ్’ అన్నది దాదాపు ప్రతి పెట్టెపైనా కనిపిస్తుంది. దానిని బట్టి మంచిచెడ్డలు తేలవు. ‘40 మిల్లీమీటర్లు’, ‘50 మిల్లీమీటర్లు’ అన్నవి లోపలి స్పీకరు వ్యాసానికి గుర్తులు. పెద్దదైనంత మాత్రాన గొప్పదని చెప్పలేం. ‘7.1 సరౌండ్’ అని రాసినదానిలో సాధారణంగా ఉండేవి చెవికొక స్పీకరు మాత్రమే. మిగిలినది సాఫ్ట్‌వేరు కల్పించే భ్రమ. రంగురంగుల దీపాలు వినికిడికి చేసే ఉపకారం ఏమీ లేదు. పట్టించుకోవలసిన అంకె ఇంపిడెన్సు. అది 16 నుండి 32 ఓముల మధ్య ఉంటే ఫోనుతోనూ ల్యాప్‌టాప్‌తోనూ ఇబ్బంది లేకుండా పనిచేస్తుంది.

సంగీతాభిమానులకు ఒక మనవి. చవక హెడ్‌సెట్లలో చాలా వాటికి మంద్రస్వరాన్ని అతిగా పెంచి అమ్ముతున్నారు. కొట్లో రెండు నిమిషాలు విన్నప్పుడు ఆ దడదడ ఆకట్టుకొంటుంది. ఇంటికి వచ్చి ఘంటసాల పాట పెట్టుకొంటే గాయకుని గొంతు ఎక్కడో గోడ వెనుక నుండి వస్తున్నట్లుంటుంది. ఆనాటి పాటలలో అత్యధికం మోనో పద్ధతిలో రికార్డయినవి. ఎడమ కుడి విన్యాసాలు వాటిలో లేవు, ఉన్నదంతా గొంతులోనే ఉన్నది. గొంతును గొంతుగా వినిపించే హెడ్‌సెట్ ఆ పాటలకే గాక వీడియో కాల్‌కు, ఆటలో జట్టువారి మాటకు కూడా నప్పుతుంది. కొట్లో పరీక్షకు కొత్త సినిమాలోని హోరు పాటను గాక, మీకు కంఠస్థమైన పాత పాటను ఎంచుకోండి.

జోడు కుదరాలి

కొని తెచ్చిన తరువాత పిన్ను సరిపోలేదని వాపోయేవారు ఎందరో. 3.5 మిల్లీమీటర్ల పిన్నుపై మూడు నల్లని వలయాలుంటే అందులో మైకు కూడా ఉన్నట్లు; రెండే ఉంటే వినడానికి మాత్రమే. పాత డెస్క్‌టాప్ కంప్యూటర్లలో మైకుకు గులాబీరంగు, చెవికి ఆకుపచ్చరంగు రంధ్రాలు వేర్వేరుగా ఉంటాయి. వాటికి ఒక పిన్నును రెండుగా చీల్చే చిన్న తీగ అవసరం. నేటి ఫోనులలో అనేకం 3.5 రంధ్రాన్ని వదిలివేశాయి. వాటికి టైప్-సి అడాప్టరు కావాలి. కొనేటప్పుడు లోపల డీఏసీ ఉన్నదా అని అడిగి తీసుకోవాలి. అది లేని అడాప్టర్లు కొన్ని ఫోనులతో పనిచేయవు. కంప్యూటరుతో మాత్రమే వాడదలచినవారికి యూఎస్‌బీ పిన్ను గల హెడ్‌సెట్ సులభం.

అన్నింటికంటె ముందు చూడవలసినది చెవులు

మన కర్మాగారాలలో రొద ఎక్కువగా ఉండే విభాగాలవారు ఇయర్ ప్లగ్‌లు ధరించి పనిచేస్తారు. అంత జాగ్రత్తగా కాపాడుకొన్న చెవులలోనే ఇంటికి వచ్చాక హెడ్‌సెట్‌తో హోరు నింపుకోవడం విచారకరం. పెద్దలకు వారానికి 40 గంటలపాటు 80 డెసిబెల్‌లు, పిల్లలకు అదే కాలానికి 75 డెసిబెల్‌లు ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన సురక్షిత పరిమితి. ధ్వని 3 డెసిబెల్‌లు పెరిగిన ప్రతిసారీ అనుమతించే కాలం సగానికి తగ్గుతుంది. ఆ లెక్కన 90 డెసిబెల్‌ల వద్ద వారం మొత్తానికి దక్కేది 4 గంటలు మాత్రమే. 12 నుండి 35 సంవత్సరాల వయసు గలవారిలో 100 కోట్లమందికి పైగా ఇటువంటి శ్రవణం వల్ల వినికిడి కోల్పోయే ముప్పులో ఉన్నారని ఆ సంస్థ 2022లో హెచ్చరించింది.

లోపలి చెవిలోని సూక్ష్మరోమకణాలు ఒకసారి నశిస్తే మనుషులలో తిరిగి పుట్టవు. ముందుగా పోయేది హెచ్చుస్థాయి ధ్వనుల వినికిడి. అంటే మళ్లీ ఆ స, శ, షలే. పెదనాన్నగారికి వయసుతో ఆ దశ వచ్చింది. “మాట వినిపిస్తుంది నాయనా, ఏం మాటో తెలియదు” అంటారాయన. మనుమడు అర్ధరాత్రి దాకా ఆటలాడి లేచినప్పుడు చెవులలో గుయ్‌మంటున్నదని చెప్పినప్పుడు ఆయన ముఖం చూచిన నాకు, ఇంటర్వ్యూ పోయినందుకంటె అందుకే ఆయన ఎక్కువ బాధపడుతున్నారని తోచింది. మరో ఇంటర్వ్యూ వస్తుంది. చెవి రాదు.

శబ్దాన్ని సగం మెట్టు దగ్గర ఉంచుకోండి. చేయి చాపినంత దూరంలో ఉన్నవారు కేక వేస్తే గాని మీకు వినిపించడం లేదంటే శబ్దం మితిమీరినట్లే. గంటకొకసారి చెవులకు విశ్రాంతినివ్వండి. చెవుల్లో హోరు మరునాటికీ తగ్గకపోతే వైద్యుని సంప్రదించాలి.

రోడ్డుపైన, ముఖ్యంగా రైలు పట్టాలపైన హెడ్‌సెట్ ధరించి నడవరాదు. పట్టాలపై అనధికారంగా నడవడం 1989 నాటి రైల్వే చట్టం 147వ సెక్షను కింద శిక్షార్హం. ప్రాణం ముందు శిక్ష లెక్కలోనిది కాదు. 2011 అక్టోబరులో తార్‌బహార్ గేటు వద్ద పట్టాలు దాటుతున్న పదిమందికి పైగా రైలు ఢీకొని మరణించారు. ఆ విషాదాన్ని ఎరిగినవారు ఎవరూ చెవులు మూసుకొని పట్టాల దరిదాపులకు పోరు.

కొట్లో చేయవలసిన పరీక్ష

మరునాటి సాయంత్రం కుర్రవానిని వెంటబెట్టుకొని బజారుకు వెళ్లాం. పెదనాన్నగారు కూడా వచ్చారు. మేము పాటించిన క్రమాన్ని పాఠకుల సౌకర్యార్థం ఇక్కడ ఇస్తున్నాను.

1. హెడ్‌సెట్‌ను మన ఫోనుకే తగిలించి, మన గొంతును ఒక నిమిషం రికార్డు చేసి, మరొకరి చేత వినిపించుకోవాలి. స, శ, ష, చ, త అక్షరాలు నిండుగా ఉన్న వాక్యం చదవాలి.

2. పది నిమిషాలపాటు తలకు ఉంచుకోవాలి. కళ్లజోడు ధరించేవారు కళ్లజోడుతోనే ప్రయత్నించాలి. 300 గ్రాములకు మించిన బరువు గంటల తరబడి మోయడం కష్టం.

3. తీగ పిన్ను వద్ద, చెవి వద్ద వంచి చూడాలి. సాధారణంగా తెగేది అక్కడే. ఊడదీసి మార్చుకోగల తీగ, చెవి దిండ్లు ఉంటే మరీ మంచిది.

4. వైర్‌లెస్ హెడ్‌సెట్‌నే కొనదలిస్తే భారతీయ ప్రమాణాల సంస్థ ముద్ర, ‘ఆర్’ అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషను సంఖ్య ఉన్నవా అని చూడాలి. ఆ సంఖ్యను బీఐఎస్ కేర్ యాప్‌లో సరిచూసుకోవచ్చు.

5. రసీదు, వారంటీ కాగితం తప్పక తీసుకోవాలి. వివాదం వస్తే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం 1915 నంబరుకు ఫోను చేయవచ్చు.

మొదటి పరీక్షను పెదనాన్నగారు స్వయంగా నిర్వహించారు. మనుమడు కొట్టు బయట, స్కూటర్ల రొదలో నిలబడి మాట్లాడి రికార్డు చేశాడు. ఆయన లోపల కూర్చొని చెవికి పెట్టుకొని విన్నారు. దీపాలు వెలిగే మొదటి హెడ్‌సెట్‌కు తల అడ్డంగా ఊపారు. రెండవదానికి కూడా అంతే. మూడవది నల్లగా, ఏ ఆర్భాటమూ లేక, నోటి దాకా వంగే మైకుతో ఉన్నది. ధర పదిహేను వందల లోపు. అది విని, మనుమడు చెప్పిన వాక్యాన్ని అక్షరం పొల్లుపోకుండా తిరిగి అప్పజెప్పారు. కొట్టు యజమానికి తెలుగు రాకపోయినా నవ్వాడు.

ఇల్లు చేరాక ఆ హెడ్‌సెట్‌కు ఒక కాలపట్టిక ఏర్పడింది. పగలు వదినగారి ఆన్‌లైన్ ట్యూషన్లు, సాయంత్రం పెదనాన్నగారి పాటలు, రాత్రి పదింటి వరకు మనుమని ఆటలు. పది దాటితే అది పెదనాన్నగారి బీరువాలోకి వెళుతుంది. తాళంచెవి ఆయన దగ్గరే.

నేను తిరిగి వచ్చిన రెండు వారాలకు కుర్రవానికి మరో ఇంటర్వ్యూ జరిగింది. ఫలితం ఈ సంచిక అచ్చుకు వెళ్లేనాటికి ఇంకా తెలియలేదు. “ఈసారి ఒక్కరు కూడా మళ్లీ చెప్పమనలేదు బాబాయీ” అని మాత్రం ఫోను చేశాడు. వెనుక నుండి పెదనాన్నగారి గొంతు వినిపించింది: “ఏమన్నాడో వాడి చేత మళ్లీ చెప్పించుకో!”

మీ ఇంటి హెడ్‌సెట్ అనుభవాలను ఈ శీర్షికకు రాయవలసిందిగా కోరుతూ, వచ్చే సంచికలో మరో వస్తువుతో కలుసుకొందాం.